ఆయిల్ ఫిల్టర్‌లో ముందే ఆయిల్ పోయాలా, ఖాళీగా బిగించాలా?

కారుకి ఆయిల్ మార్చే చోట రెండు రకాల మెకానిక్‌లు కనిపిస్తారు. ఒకాయన కొత్త ఫిల్టర్ డబ్బాని నిలబెట్టి నిండా ఆయిల్ పోస్తాడు. లోపలి కాగితం పీల్చుకున్నాక ఇంకాస్త పోసి, అప్పుడు బిగిస్తాడు. ఇంకొకాయన అంచున ఉండే రబ్బరు గ్యాస్కెట్‌కి వేలితో ఇంత ఆయిల్ రాసి ఖాళీ డబ్బానే తిప్పేస్తాడు. మొదటాయన్ని అడిగితే "పొడి ఫిల్టర్‌తో స్టార్ట్ చేస్తే బేరింగులు అరిగిపోతాయి సార్" అంటాడు. రెండో ఆయన "ఇన్నేళ్లుగా ఇలాగే బిగిస్తున్నా, ఒక్క ఇంజనూ తిరిగి రాలేదు" అంటాడు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మామూలు పెట్రోల్ కారుకి ఖాళీగానే బిగించండి. మాన్యువల్‌లో నింపమని రాసిన పెద్ద డీజిల్ ఇంజన్‌కి నింపండి. పొడి స్టార్ట్ గురించి నిజంగా టెన్షన్ ఉంటే, మంచి ఫిల్టర్ కొనడం మీద దృష్టి పెట్టండి. అసలు తేడా అక్కడే వస్తుంది.

ఖాళీ ఫిల్టర్ నిండటానికి ఎంతసేపు?

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్‌లో ఎక్కువ భాగం కింద చాంబర్‌లో, అంటే ఆయిల్ నిలిచే తొట్టిలో ఉంటుంది. స్టార్ట్ చేయగానే పంపు దాన్ని జాలీ ఉన్న గొట్టం గుండా పైకి లాగి ఫిల్టర్‌కి పంపుతుంది. ఫిల్టర్ దాటాక మెయిన్ గ్యాలరీ, అంటే ఆయిల్‌ని అన్ని భాగాలకీ పంచే పెద్ద దారి. అక్కడి నుంచి పిస్టన్లు తిప్పే క్రాంక్ మెయిన్ బేరింగులకి, క్రాంక్ లోపలి రంధ్రాల గుండా బిగ్ ఎండ్ బేరింగులకి, పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కి, టైమింగ్ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్‌కి, టర్బో ఉంటే దానికీ వెళ్తుంది. ఫిల్టర్ ఖాళీగా ఉంటే ముందు అది నిండాలి, ఆ తర్వాతే మిగతావాటి వంతు. నింపి బిగించాలనే వాళ్ల వాదన అంతా దీని మీదే నిలబడి ఉంది.

మరి ఆ నిండటానికి పట్టే సమయం ఎంత? మీ కారు మాన్యువల్ తీసి ఆయిల్ కెపాసిటీ పేజీ చూడండి. చాలా మాన్యువల్స్‌లో రెండు అంకెలు ఉంటాయి: ఫిల్టర్ మారిస్తే ఇంత, మార్చకపోతే ఇంత. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మీ ఫిల్టర్ పట్టే ఆయిల్ సుమారుగా తెలిసిపోతుంది. చిన్న కార్లకి అది తరచుగా 200 మి.లీ. దరిదాపుల్లో ఉంటుంది. ఐడిల్‌లో పంపు నిమిషానికి 6 లీటర్లు తోస్తుందనుకుందాం. అంటే సెకనుకి 100 మి.లీ. ఆ లెక్కన ఫిల్టర్ నిండటానికి 2 సెకన్లు. ఇంజన్ అందుకునే ముందు సెల్ఫ్ తిరిగే సెకను కూడా పంపు పనిచేస్తూనే ఉంటుంది. గ్యాలరీల్లో చేరిన గాలి బయటికి పోవడానికి ఇంకొంచెం కలుపుకోండి. మీటర్ బోర్డులో ఎర్రటి ఆయిల్ లైట్ మామూలుగా కంటే రెండు మూడు సెకన్లు ఆలస్యంగా ఆరుతుంది. టెన్షనర్‌లోకి ఆయిల్ అందే వరకు చైన్ కాసేపు కటకటమనొచ్చు. హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల దగ్గరి సందు పూడ్చేవి) ఉన్న ఇంజన్ అయితే పైనుంచి టక్ టక్ వినిపించొచ్చు. నింపి బిగిస్తే ఈ చప్పుడు తగ్గుతుంది, లైట్ త్వరగా ఆరుతుంది. ఇది ఊహేం కాదు, చెవికి వినపడుతుంది, కంటికి కనపడుతుంది.

అయితే ఆ రెండు మూడు సెకన్లలో బేరింగులు నిజంగా పొడిగా ఉంటాయా? ఉండవు. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య ఉండే సందు మిల్లీమీటర్‌లో వందో వంతులతో కొలిచేంత సన్నం. అంత సన్నని సందులో పట్టుకున్న ఆయిల్, పైనున్న ఆయిల్ మొత్తం దించేసినా జారిపోదు. ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ మందులు లోహం మీద పల్చని పొరగా అంటుకుని ఉంటాయి. ఒత్తిడి ఇంకా రాని క్షణాల్లో లోహానికి లోహం రాసుకోకుండా ఆపడమే వాటి పని. పైగా అప్పుడు ఇంజన్ మీద బరువేమీ లేదు, న్యూట్రల్‌లో ఐడిల్ మీద తిరుగుతోంది.

ఇంకో సంగతి. చాలా సర్వీస్ సెంటర్లలో ఆయిల్ డ్రమ్ముల నుంచి పైపు ద్వారా గన్‌లోకి వస్తుంది. ఫిల్టర్ బిగించి, కారు దించి, గన్ పెట్టి లెక్క ప్రకారం పోసేస్తారు. అక్కడ ఫిల్టర్ నింపే తీరికా లేదు, ఏర్పాటూ లేదు. అలా ఖాళీ ఫిల్టర్‌తో ప్రతి సర్వీస్‌లోనూ స్టార్టయిన కార్లు లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. దీన్ని శాస్త్రీయ పరీక్ష అనలేం గానీ, ఖాళీ ఫిల్టర్ ఇంజన్‌ని చంపేస్తుందనే భయానికి ఇది చాలినంత జవాబు.

నడిమి రంధ్రంతో వచ్చే చిక్కు

కొత్త డబ్బా ఫిల్టర్‌ని తిప్పి చూడండి. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం ఒకటి, దాని చుట్టూ వలయంగా చిన్న రంధ్రాలు ఉంటాయి. మురికి ఆయిల్ లోపలికి వెళ్లేది చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచి. అది మడతలు పెట్టిన కాగితం గుండా బయటి నుంచి లోపలికి నడిచి, శుభ్రపడి, మధ్య రంధ్రంలోంచి ఇంజన్‌కి వెళ్తుంది.

నింపేవాళ్లు పోసేది ఎక్కడ? దాదాపు అందరూ మధ్య రంధ్రంలోనే. ఎందుకంటే అదే పెద్దది, త్వరగా దిగుతుంది. అంటే ఆ ఆయిల్ శుభ్రమైన ఆయిల్ ఉండాల్సిన వైపు పడుతోంది. అక్కడి నుంచి కాగితం గుండా ఎదురు దిశలో బయటికి ఇంకుతుంది. దాంతోపాటు ఏదైనా నలుసు పడితే కాగితం లోపలి ముఖం మీద ఆగుతుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ సరైన దిశలో తోసుకొచ్చి ఆ నలుసుని నేరుగా మెయిన్ గ్యాలరీలోకి కడిగేస్తుంది. టీ వడపోసే జాలీని తిరగేసి మళ్లీ అందులోంచి టీ పోస్తే జాలీలోని పొడి గ్లాసులో పడుతుందే, అదే ఇక్కడా జరిగేది.

"అదే డబ్బాలోని ఆయిల్‌నే కదా పైన క్యాప్ తీసి పోస్తాం, దాంట్లో లేని మురికి దీంట్లో ఎక్కడిది?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. పైనుంచి పోసిన ఆయిల్ చాంబర్‌లోకి దిగి, జాలీ దాటి, ఫిల్టర్ దాటాకే బేరింగుని చేరుతుంది. దానికి రెండు కాపలాలు ఉన్నాయి. మధ్య రంధ్రంలో పోసినదానికి ఒక్కటీ లేదు.

కంపెనీ సీలున్న డబ్బాలోని ఆయిల్ మరీ అంత మురికిగా ఉండదు, ఒప్పుకోవాల్సిందే. ప్రమాదం డబ్బా దగ్గర కంటే మన చేతుల దగ్గరే ఎక్కువ. క్యాప్ కింద అల్యూమినియం రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచినప్పుడు రాలే తునకలు, మూత మీద పేరుకున్న దుమ్ము, కూల్ డ్రింక్ బాటిల్ కోసి చేసిన గరాటు, చేతులు తుడుచుకున్న కాటన్ వేస్ట్ నుంచి ఊడిన దారం పోగులు. రోడ్డు పక్క షెడ్డులో లారీ వెళ్తే లేచే దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. లూజ్ ఆయిల్ అమ్మే చోట కొలత మగ్గు ఎలా ఉంటుందో కూడా అందరికీ తెలుసు. అలాంటి చోట ఫిల్టర్ నింపబోతుంటే వద్దనే చెప్పండి.

చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లో పోస్తే ఈ చిక్కు ఉండదు. దిశ సరైనదే. కానీ ఆ రంధ్రాల వెనక రబ్బరు పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. అది తెరుచుకోవాలంటే ఒత్తిడి కావాలి. పైనుంచి పోసిన ఆయిల్ బరువుకి అది కొంచెం కొంచెంగానే దారి ఇస్తుంది. 200 మి.లీ. దిగేసరికి ఓపిక అయిపోతుంది. ఓపికున్నవాళ్లు కాస్త పోసి, కాగితం తడిసే వరకు ఆగి, బిగించేస్తే చాలు. నిండా నింపాలనే పట్టుదల అక్కర్లేదు.

ఫిల్టర్ ఏ వైపు చూస్తోందో ముందు చూడండి

చాలా కార్ల విషయంలో ఈ చర్చే అనవసరం, ఎందుకంటే నింపడం కుదరదు.

ఫిల్టర్ ఇంజన్ కింద నిలువుగా, నోరు పైకి పెట్టి వేలాడుతుంటే నింపి బిగించొచ్చు. పక్కకి అడ్డంగా బిగించేదైతే మూడో వంతు కంటే ఎక్కువ పోస్తే బిగించే లోపే సగం కిందికి కారుతుంది. సైలెన్సర్ గొట్టం మీద పడితే రెండు రోజులు పొగ, వాసన. చాంబర్ మీద పడితే మర్నాడు చూసి లీకేజీ అనుకుని మళ్లీ షెడ్డుకి పరుగు. వాలుగా బిగించేదైతే ఆ వాలుని బట్టి.

నోరు కిందికి పెట్టి బిగించేవీ ఉన్నాయి. అమెరికాలో మనవాళ్లు చాలామంది నడిపే సుబారు ఫారెస్టర్, అవుట్‌బ్యాక్ లాంటి కార్లలో ఎఫ్‌బీ సిరీస్ ఇంజన్‌కి ఫిల్టర్ బానెట్ తెరవగానే పైనే కనపడుతుంది, బోర్లించిన గిన్నెలా. దాన్ని నింపి బోర్లిస్తే ఆయిల్ అంతా చేతి మీదకే. వీకెండ్‌లో గరాజ్‌లో సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్లకి అక్కడ ఎంపిక ఒక్కటే, ఖాళీగా బిగించడం.

డబ్బా లేకుండా లోపలి కాగితం ఎలిమెంట్ ఒక్కటే మార్చే కార్ట్రిడ్జ్ రకం వేరు. హ్యుందాయ్ 1.6 సీఆర్‌డీఐ డీజిల్ ఉన్న పాత వెర్నా, క్రెటాల్లో ఎలిమెంట్ కూర్చునే గూడు, అంటే హౌసింగ్, ఇంజన్ ముందు పైభాగంలో ఉంటుంది. మూత విప్పి, ఎలిమెంట్ లాగి, కొత్తది పెట్టి, మూతకి కొత్త ఓ-రింగ్ (రబ్బరు వలయం) వేసి బిగిస్తారు. ఇలా పైన ఉండే హౌసింగుల్లో చాలావాటికి మూత వదులు చేయగానే లోపలి ఆయిల్ చాంబర్‌లోకి దిగిపోయేలా దారి ఉంటుంది. అందుకే నింపాలనే ఆలోచనే వదిలేయండి. ఎలిమెంట్‌ని ఆయిల్‌లో ముంచి పెట్టినా పెద్ద లాభం లేదు. ఓ-రింగ్‌కి మాత్రం కొత్త ఆయిల్ రాయడం మర్చిపోవద్దు. పొడి ఓ-రింగ్ మెలితిరిగి తెగితే మీ రెండు సెకన్ల మిగులు కన్నా చాలా పెద్ద నష్టం.

మారుతి కె-సిరీస్ పెట్రోల్, హ్యుందాయ్ కప్పా పెట్రోల్ ఇంజన్లకి వచ్చేది చిన్న డబ్బా ఫిల్టర్. మన దగ్గర సొంతంగా ఆయిల్ మార్చుకునే కొద్దిమందీ ఎక్కువగా ఎదుర్కొనేది ఇదే. నింపగలిగినా దీన్ని నింపడంలో లాభం తక్కువ, ఎందుకంటే డబ్బానే చిన్నది.

రోజూ ఉదయం జరిగే పొడి స్టార్ట్

ఇందాక చెప్పిన రబ్బరు పొర దగ్గరికి మళ్లీ వద్దాం. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. దాన్ని యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్ అంటారు. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి చాంబర్‌లోకి జారిపోకుండా ఆపడం దాని పని. అడ్డంగానో, బోర్లించో బిగించే ఫిల్టర్‌కి ఇది ప్రాణం లాంటిది. నోరు పైకి ఉన్న ఫిల్టర్‌లో ఆయిల్ ఎటూ ఎక్కువ పోదు కాబట్టి అంత అవసరం పడదు.

ఇప్పుడు చిన్న లెక్క. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగే కారు 10,000 కిలోమీటర్లు పూర్తి చేయడానికి 333 రోజులు. పొద్దున ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి అంటే చల్లారిన ఇంజన్‌ని స్టార్ట్ చేయడం 600 సార్లకి పైనే. ఫిల్టర్ నింపి బిగిస్తే ఈ 600 పైచిలుకులో మీరు కాపాడింది ఒక్క స్టార్ట్‌ని. అదే వాల్వ్ పనిచేయని నాసి ఫిల్టర్ వేశారనుకోండి, రాత్రికి ఖాళీ అయ్యే ఫిల్టర్ ప్రతి పొద్దునా మళ్లీ నిండాలి. అంటే మీరు భయపడిన పొడి స్టార్ట్ వందల సార్లు జరుగుతోంది, మీకు తెలియకుండానే.

కాబట్టి ఫిల్టర్ నింపడానికి పావుగంట ఖర్చు పెట్టే బదులు, కొనేటప్పుడు కాసేపు చూడండి. కారు కంపెనీ అసలు ఫిల్టర్ గానీ, బాష్, మాన్, ప్యూరొలేటర్, ఎలోఫిక్ లాంటి పేరున్న కంపెనీది గానీ, బిల్లు ఇచ్చే షాపులో తీసుకోండి. పేరున్న బ్రాండ్లకే డూప్లికేట్లు కూడా ఎక్కువ. అట్ట పెట్టె మీద అక్షరాలు అలికినట్టున్నా, డబ్బా పెయింట్ గీతకి లేచిపోతున్నా, గ్యాస్కెట్ గాడిలో వదులుగా ఊగుతున్నా తిరిగిచ్చేయండి. చుట్టూ ఉన్న రంధ్రాల్లోకి టార్చ్ వేసి చూస్తే వెనక రబ్బరు కనపడాలి. నేరుగా కాగితమే కనపడితే వాల్వ్ లేనట్టే. అయితే కొన్ని ఇంజన్లకి ఫిల్టర్‌లో వాల్వ్ లేకుండానే డిజైన్ చేస్తారు. మీ పాత అసలు ఫిల్టర్‌తో పోల్చి చూసుకుంటే సందేహం తీరుతుంది.

రబ్బరులో నైట్రైల్, సిలికాన్ అని రెండు రకాలు వస్తాయి. నైట్రైల్ చవక, వేడికి కాలక్రమంలో గట్టిపడుతుంది. సిలికాన్ మెత్తదనం ఎక్కువ కాలం నిలుస్తుంది. 5,000 కిలోమీటర్లకే మార్చేసేవాళ్లకి నైట్రైల్ సరిపోతుంది. సింథటిక్ ఆయిల్ పోసి ఏడాది దాకా ముట్టుకోనివాళ్లు, అందులోనూ ఫిల్టర్ అడ్డంగా ఉన్నవాళ్లు, సిలికాన్‌ది దొరికితే అదే తీసుకోవాలి.

మీ పాత వాల్వ్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. రాత్రంతా ఆగిన కారుకి, స్టార్ట్ చేయకుండా, అడ్డంగా ఉన్న పాత ఫిల్టర్ విప్పండి. ఆయిల్ బుడబుడా కారితే వాల్వ్ బాగుంది. డబ్బా తేలిగ్గా, దాదాపు ఖాళీగా ఊడి వస్తే అది ఎప్పుడో చేతులెత్తేసింది. ఆ రకం మళ్లీ కొనకండి. ఆయిల్ మార్చేది ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే మంచిది కాబట్టి ఈ పరీక్ష ప్రతిసారీ కుదరదు. అనుమానం వచ్చినప్పుడు ఒక్కసారి చేస్తే చాలు.

లారీ ఇంజన్ల దగ్గర లెక్క మారుతుంది

కార్లలో ఫిల్టర్ నింపే అలవాటు చాలావరకు పెద్ద డీజిల్ ఇంజన్ల పని నుంచి వచ్చిందని నా అంచనా. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీల మీద పని నేర్చుకున్న మెకానిక్ చేతికి చిన్న కారు దొరికినా అదే పద్ధతిలో చేస్తాడు. లారీ దగ్గర దానికి అర్థముంది. ఫిల్టర్ పెద్దది, లీటరు పైన పట్టేవీ ఉన్నాయి, కొన్నిటికి రెండేసి ఫిల్టర్లు. 15డబ్ల్యూ-40 లాంటి చిక్కటి ఆయిల్. డీజిల్ ఇంజన్ అందుకున్న క్షణం నుంచే పిస్టన్ మీద, బేరింగ్ మీద పడే దెబ్బ పెద్దది. టర్బో ఎలాగూ ఉంటుంది.

కానీ లారీ ఇంజన్ తయారీదార్లలోనే ఏకాభిప్రాయం లేదు. కమిన్స్ బి-సిరీస్ డీజిల్ ఇంజన్ల మాన్యువల్స్‌లో ఫిల్టర్‌ని శుభ్రమైన ఆయిల్‌తో నింపి బిగించమని ఉంది. క్యాటర్‌పిల్లర్ మాన్యువల్స్‌లో దానికి పూర్తిగా ఎదురు మాట: ఆయిల్ ఫిల్టర్‌ని నింపి బిగించొద్దు, ఆ ఆయిల్ వడపోతకి గురి కాదు, మురికి ఉంటే అరుగుదల పెరుగుతుంది అని. ఇద్దరూ ఇంజన్లు తయారుచేసేవాళ్లే. ఒకరు ఆలస్యానికి భయపడ్డారు, ఇంకొకరు మురికికి భయపడ్డారు. అందుకే ఇక్కడ మన తెలివి కంటే మాన్యువల్ మాటే నడవాలి. నింపమని ఉంటే సీలు తీసిన కొత్త డబ్బా నుంచి, శుభ్రమైన గరాటుతో, వీలైతే చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి నింపండి.

ఇంజన్ విప్పి బోర్ పని చేయించినా, కారు ఏడాదికి పైగా కదలకుండా షెడ్డులో ఉన్నా కూడా నేను నింపడం వైపే మొగ్గుతాను. అప్పుడు ఫిల్టర్ ఒక్కటే కాదు, గ్యాలరీలు, పంపు కూడా ఖాళీ అయి ఉండొచ్చు. అలాంటప్పుడు నింపడంతో సరిపెట్టకుండా, ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ తిప్పి ఒత్తిడి తెప్పించాకే స్టార్ట్ చేయాలి.

డీజిల్ ఫిల్టర్‌ని దీంతో కలపకండి

ఆయిల్ ఫిల్టర్ నింపితే లాభమూ చిన్నదే, నష్టమూ చాలాసార్లు చిన్నదే. కానీ అదే అలవాటు చేతిని డీజిల్ ఫిల్టర్ దగ్గరికి తీసుకెళ్తే నష్టం ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద పడుతుంది, వేలల్లో బిల్లు వస్తుంది. కొత్త డీజిల్ ఫిల్టర్‌లో బాటిల్‌తో డీజిల్ పోసి బిగించడం మన షెడ్డుల్లో మామూలే. అంబాసిడర్ డీజిల్, పాత జీపుల కాలంలో అది నడిచింది. అప్పటి పంపులు, నాజిళ్లు ఆ మాత్రం నలుసుని తట్టుకునేవి.

ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందే వాటిలో, ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్ వరకు వెళ్తుంది. ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. వడపోయని డీజిల్‌ని శుభ్రమైన వైపు రంధ్రంలో పోస్తే అందులో ఉన్న నలుసుని ఆపేందుకు దారిలో ఇంకేమీ లేదు. సరే అని ఖాళీ ఫిల్టర్‌తోనే సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే అదీ తప్పే. హై ప్రెషర్ పంపుకి కందెన డీజిలే, పొడిగా తిరిగితే పంపు అరుగుతుంది, దాని లోహపు రజను ఇంజెక్టర్లకి చేరుతుంది. కాబట్టి అక్కడ సరైన దారి ఒక్కటే. ఖాళీగా బిగించి, చేత్తో నొక్కే ప్రైమింగ్ పంపు ఉంటే అది గట్టిపడే వరకు నొక్కాలి. ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు ఉన్న కారైతే ఇగ్నిషన్ ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి, ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఇలా కొన్నిసార్లు చేశాక స్టార్ట్ చేయాలి. పద్ధతి కారుని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి.

ఖాళీగా బిగించేవాళ్లు పాటించాల్సినవి

పాత ఫిల్టర్ విప్పగానే దాని గ్యాస్కెట్ దాంతోపాటు ఊడి వచ్చిందా చూడండి. ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతే, దాని మీద కొత్తది పడి, స్టార్ట్ చేసిన కాసేపటికి ఒత్తిడికి జారి ఆయిల్ మొత్తం రోడ్డు మీదకి కక్కేస్తుంది. పొడి స్టార్ట్‌తో ఇంజన్ సీజ్ కాదు గానీ దీంతో అవుతుంది. కొత్త గ్యాస్కెట్‌కి ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, గ్యాస్కెట్ ఆనిన తర్వాత ముప్పావు చుట్టు బిగిస్తే చాలావాటికి సరిపోతుంది. కచ్చితమైన మాట ఫిల్టర్ డబ్బా మీదే ముద్రించి ఉంటుంది. పట్టీ పెట్టి బిగదీసే పని పెట్టుకోవద్దు. వచ్చేసారి విప్పేవాడు తిట్టుకుంటాడు.

పాత ఆయిల్ దించేసి, రాత్రంతా అలా వదిలేసి మర్నాడు పోసే అలవాటు ఉంటే మానుకోండి. "చివరి చుక్క వరకు దిగాలి" అని కొందరు చేస్తారు. అంతసేపట్లో పంపులోని ఆయిల్ కూడా జారిపోతే మొదటి స్టార్ట్‌లో అది ఆయిల్‌ని పైకి లాగడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు కారితే చాలు.

ఇప్పుడు స్టార్ట్. మనసు ఒప్పక ఇంకాస్త జాగ్రత్త కావాలంటే, చాలా పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. ఇంజన్ అందుకోకుండా తిరుగుతుంది, ఆ లోపు ఫిల్టర్ నిండుతుంది. ఐదారు సెకన్లు చాలు, పదికి మించితే సెల్ఫ్ మోటార్‌కి మంచిది కాదు. కానీ ఈ సదుపాయం మీ కారులో ఉందని మాన్యువల్‌లో చూసుకోకుండా చేయకండి. లేకపోతే ఇంజన్ అందుకుని ఒక్కసారిగా ఫుల్ రేస్‌లోకి వెళ్తుంది. ఆయిల్ ఇంకా అందని ఇంజన్‌కి అంతకన్నా చెడ్డ పని లేదు. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి సెల్ఫ్ తిప్పడం దానికంటే నమ్మకమైన దారి. నా మటుకు నేను మామూలు ఆయిల్ చేంజ్‌కి ఈ రెండూ అనవసరం అంటాను.

మామూలుగా స్టార్ట్ చేసి, కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకుండా, కళ్లు ఎర్ర లైట్ మీద పెట్టండి. లైట్ ఆరగానే రేస్ ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది. ఆ లైట్ సాధారణంగా అర బార్ లోపు ఒత్తిడికే ఆరిపోతుంది. అది ఆరిందంటే ఆయిల్ రావడం మొదలైందని మాత్రమే, అన్ని మూలలకీ చేరిందని కాదు. అర నిమిషం ఐడిల్‌లో వదిలేయండి. టర్బో కారైతే ఇది తప్పనిసరి, లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే షాఫ్ట్ నిలబడేది ఆయిల్ పొర మీదే. పది సెకన్లయినా లైట్ ఆరకపోతే వెంటనే ఆపేసి, ఆయిల్ అసలు పోశారా, ఫిల్టర్ సరైన నంబర్‌దేనా, కింద కారుతోందా చూడండి. ఆయిల్ పోయకుండానే స్టార్ట్ చేసిన షెడ్డులు ఉన్నాయి, నవ్వకండి.

రెండు నిమిషాలు నడిచాక ఇంజన్ ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీస్తే లెవెల్ ముందు చూసినదానికంటే తగ్గి కనపడుతుంది. ఆ తగ్గింది ఫిల్టర్‌లోకి వెళ్లిన ఆయిల్. మెకానిక్ ఫిల్టర్ నింపి బిగించి ఉంటే ఈ తగ్గుదల అంతగా ఉండదు, కాబట్టి పాత లెక్కతో ముందే అదనంగా పోసేస్తే గీత దాటిపోతుంది. పై గీతకి కాస్త కింద ఉండేలా సరిచూసి, ఫిల్టర్ చుట్టూ ఒకసారి పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసి బానెట్ మూయండి.